అప్పగింతల వరసలో సెక్షన్ తొమ్మిది

నీలాటిపేటలో గేదెల సన్యాసమ్మ పాట ఎత్తుకోకపోతే నాట్లు మొదలవ్వవు. ఈ నియమం ఎవరూ పెట్టలేదు. ఆవిడ గొంతు లేస్తే ఆడవాళ్ళందరి నడుములూ ఒక్కసారి వంగుతాయి, చేతులు ఒక్కసారి బురదలో దిగుతాయి, వరస తాడు పట్టినట్టు సాగిపోతుంది. ఆవిడ దగ్గర నాట్లకో పాట, కోతలకో పాట, పెళ్ళిళ్ళకి బోలెడు పాటలు. అన్నీ తల్లి దగ్గర నేర్చుకున్నవే. తల్లి ఎక్కడ నేర్చుకుందని అడిగితే, "ఆళ్ళమ్మ కాడ" అనేది. అంతకు మించి ఎవరూ వెనక్కి వెళ్ళలేదు.

పోయిన వేసవిలో మహాశంఖం టీవీ వాళ్ళు ఊళ్ళోకి వచ్చి, సన్యాసమ్మనీ ఆవిడ జట్టునీ జీడిమామిడి తోటలో చాపల మీద కూర్చోబెట్టి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాడించుకుని వెళ్ళారు. సన్యాసమ్మ బీరువాలో దాచుకున్న నేతచీర కట్టుకుంది. టీవీలో వచ్చిన రోజున ఊరంతా చూసింది. ఆవిడ కూడా చూసి, తనకి ఇంత లావు మెడ ఉందని అప్పుడే తెలుసుకుంది.

వానలు పడ్డాయి. దమ్ము పట్టారు. మొదటి మడిలో పాట సగానికి వచ్చేసరికి రోడ్డు మీద జీపు ఆగింది. తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన దిగి, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, గట్టు మీద జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ వచ్చాడు. వెనక బంట్రోతు గొడుగు పట్టాడు. ఆయన పేరు కుక్కుటేశ్వరరావు. కొత్తగా పెట్టిన ప్రసార హక్కుల పరిరక్షణ శాఖకి ప్రాంతీయాధికారి. ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు, లంచం ముట్టడు, చట్టంలో కామా ఎక్కడుందో కూడా చూసి నడుచుకుంటాడు. ఈ చివరి గుణం వల్ల శాఖలో పైవాళ్ళు కూడా ఆయనంటే కొంచెం జంకేవారు.

"అమ్మా, తాము ఇప్పుడు ఆలపించిన గీతం ఎవరిది?" అని అడిగాడు.

"మాదే బాబూ," అంది సన్యాసమ్మ, నారుకట్ట చేతిలో ఉండగానే.

"మాదే అనే పదానికి చట్టంలో నిర్వచనం లేదు. వివరంగా సెలవివ్వండి."

"మా యమ్మ పాడేది."

"తమ తల్లిగారు ఏ మాధ్యమం ద్వారా ప్రసారం గావించారు?"

సన్యాసమ్మ ఆలోచించింది. "నోటితోటే బాబూ."

"అనగా ప్రసారం గావించలేదు."

"ఎందుకు లేదు? ఆవిడ గొంతెత్తితే ఏటికవతల ఊరోళ్ళకి ఇనిపించేది."

"ఉపగ్రహం వాడారా?"

వాడలేదని ఒప్పుకోక తప్పలేదు. కుక్కుటేశ్వరరావు కాగితం తీసి చదవడం మొదలెట్టాడు. తప్పు చేసినవారి ఎదుట నోటీసును పైకి చదివి వినిపించాలని నిబంధన. చదివితేనే అది చెల్లుతుంది. "సెక్షన్ తొమ్మిది, ఉప సెక్షన్ రెండు. ప్రసారకుని పూర్వానుమతి లేకుండా, ప్రసారమైన ఏ అంశమునైనను, ఏ వ్యక్తియైనను, నోటితోనైనను, మరల వినిపించినచో, శిక్షార్హుడగును."

ఆడవాళ్ళు నడుములెత్తి విన్నారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఎర్రమ్మ అనే ఆవిడ, జట్టులో సన్యాసమ్మ తర్వాతి గొంతు, "ఎవరేటి సేసేరంటాడే?" అని గొణిగింది.

కుక్కుటేశ్వరరావు ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. ఈ పాటల్ని మహాశంఖం టీవీ ప్రసారం చేసింది కాబట్టి, ఇక మీద అవి మహాశంఖం వారివి. వారి అనుమతి లేకుండా పాడకూడదు.

"ఎన్నాళ్ళు బాబూ?"

"యాభై సంవత్సరములు."

"అప్పటికి నాకు నూరు దాటిపోతాది."

"వయసు విషయంలో చట్టానికి ఎట్టి అభ్యంతరమూ లేదమ్మా. గడువు ముగిసిన మరునాటి ఉదయం నుంచి తాము నిరాటంకంగా పాడుకోవచ్చు." ఆ ముఖాలు చూసి మెత్తబడి, "మాటలు బోధపడకుండా కూనిరాగం తీసినచో మినహాయింపు కలదు," అని కూడా చెప్పాడు.

ఆ రోజు మిగిలిన నాట్లు కూనిరాగంతో సాగాయి. మడిలో తేనెటీగలు ముసిరినట్టు ఒకటే జుమ్ముమనే చప్పుడు. ఎక్కడ వంగాలో ఎక్కడ లేవాలో ఎవరికీ తెలియలేదు. ఒకరి చెయ్యి ఇంకొకరి చేతి మీద పడింది. సాయంత్రం రైతు వచ్చి చూసుకుంటే వరసలు పాము పాకినట్టున్నాయి. ఆయన మర్నాడు పక్క మడికి నాట్ల మిషను మాట్లాడుకున్నాడు.

ఆ ఊరి ఆడపడుచు మొజ్జాడ విమల పట్నంలో లాయరు. నీలాటిపేటలో ఆడవాళ్ళ సంఘాలన్నీ కలిసి, సన్యాసమ్మ పెద్దగా, నడుపుకునే చిన్న రేడియోలో వారం వారం చట్టాల గురించి చెబుతుంది. సన్యాసమ్మని పిన్నీ అని పిలుస్తుంది. సంగతి విని నవ్వింది. తర్వాత చట్టం తెప్పించుకుని చదివి, నవ్వడం మానేసింది. ఇద్దరూ కలిసి కుక్కుటేశ్వరరావు ఆఫీసుకి వెళ్ళారు.

గోడ మీద 'ప్రసారమే ప్రమాణం' అని పెద్ద అక్షరాలతో రాసుంది. ఆయన లేచి నిలబడి కుర్చీలు చూపించి, టీ తెప్పించాడు.

"పాట పుట్టించినవాళ్ళకి హక్కు లేకుండా, దాన్ని గాల్లోకి వదిలినవాళ్ళకి హక్కేమిటండి?" అంది విమల.

"పుట్టించుట అనేది వ్యక్తిగత విషయం. ప్రసరింపజేయుట అనేది పెట్టుబడి. అంతర్జాతీయ ఒడంబడిక సారాంశం ఇదే."

"ఆ ఒడంబడిక మీద ఎన్ని దేశాలు సంతకం పెట్టాయి?"

"ప్రస్తుతానికి మనం పెట్టాం. మిగతావారు ఇంకా చదువుతున్నారు."

"మనవాళ్ళు చదివి పెట్టారా?"

కుక్కుటేశ్వరరావు అబద్ధం ఆడడు. టీ కప్పు పక్కన పెట్టి, "మన ప్రతినిధివర్గం విమానానికి వేళ అయినందున తొందరపడవలసి వచ్చినట్లు వినికిడి," అన్నాడు.

సన్యాసమ్మ ఇక ఉండబట్టలేక, "బాబూ, మీ అమ్మ మిమ్మల్ని ఏ పాట పాడి నిద్రపుచ్చీదో ఆ పాట టీవీలో వచ్చిందనుకో. అప్పుడు మీరేటి సేత్తారు?" అంది.

ఆయన నిజంగానే ఆలోచించాడు. "నిద్ర పట్టని యెడల కూనిరాగం," అన్నాడు చివరికి.

ఆ నెల నుంచి శాఖ జోరందుకుంది. మహాశంఖం టీవీ పిల్లల కార్యక్రమంలో ఎక్కాలు చెప్పించింది గనక, నీలాటిపేట బడిలో ఎక్కాలు ఆపేయమని నోటీసు వచ్చింది. పంతులుగారు వేళ్ళెత్తి చూపిస్తుంటే పిల్లలు పెదాలు కదిపారు. వంటల కార్యక్రమంలో పెసరట్టు పోసే విధానం వచ్చింది గనక, బస్టాండు దగ్గర పాక హోటలు నడిపే ఆవిడ అట్టు పోసేది గాని, ఎలా పోస్తారని ఎవరైనా అడిగితే బిక్కమొహం వేసేది. వాతావరణం ముచ్చట్లలో 'రేపు వాన పడొచ్చు' అన్నారు గనక, రైతులు ఆకాశం వంక చూసి ఒకరికొకరు కనుసైగ చేసుకునేవారు.

అన్నిటికంటే చిక్కు కోళ్ళతో వచ్చింది. మహాశంఖం వారి పొద్దుటి కార్యక్రమం కోడికూతతో మొదలవుతుంది. కోడికి నోటీసు చదివి వినిపించడం వీలుకాదు కాబట్టి, కూతకి యజమానే బాధ్యుడని శాఖ ఉత్తర్వు వేసింది. దాని మీద సంతకం పెట్టేటప్పుడు కుక్కుటేశ్వరరావు తన పేరు వంక రెండుసార్లు చూసుకున్నాడు. పుంజుల్ని తెల్లారే దాకా బుట్టల కింద మూసిపెట్టమని ఊరూరా టముకు వేయించబోయారు. ఆ టముకు చప్పుడు కూడా ప్రసారమై ఉందని తేలి అది మానుకున్నారు.

విమల 'పాట మాది' అని ఒక సమితి పెట్టింది. సన్యాసమ్మ అధ్యక్షురాలు. సంతల్లో, బస్టాండ్లలో, రేషన్ షాపుల దగ్గర నిలబడి సంతకాలు సేకరించారు. ఆ మూట ప్రభుత్వానికి పంపితే, ఇది అంతర్జాతీయ విషయం కాబట్టి ఒడంబడిక రాసిన అంతర్జాతీయ సంస్థనే అడగవలసిందని జవాబొచ్చింది. అంతర్జాతీయ సంస్థకి పంపితే, ఏ విజ్ఞాపన అయినా ఆ దేశపు ప్రభుత్వం ద్వారానే రావలసిందని జవాబొచ్చింది. రెండు జవాబుల్లోనూ 'మీ ఆసక్తికి ధన్యవాదములు' అని ఉంది.

రాజధానిలో ఒడంబడిక భాగస్వాముల సదస్సు జరుగుతోందని తెలిసి ఇద్దరూ రైలెక్కి వెళ్ళారు. గుమ్మం దగ్గర ఒకాయన ఆపాడు.

"మీరు ప్రసారకులా?"

"కాదండి. ఈవిడ పాటగత్తె."

"అయితే మీరు భాగస్వాములు కారు," అన్నాడాయన మర్యాదగా. "ఒడంబడిక పరిభాషలో మీరు ముడిసరుకు. ముడిసరుకుకి సదస్సులో ప్రవేశం లేదు."

అక్కడే మెట్ల మీద మహాశంఖం టీవీ అధిపతి ఫల్గుణరావు ఎదురయ్యాడు. పట్టు లాల్చీ, చేతికి గంధం వాసన. సన్యాసమ్మని చూడగానే గుర్తుపట్టి రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, మీ పాటని ఆకాశానికెక్కించాం. నక్షత్రాల పక్క నుంచి దించి లోకానికి పంచాం. అంతటి పాటని మళ్ళీ బురదలోకి దింపుతానంటారేమిటి?"

"బురదలోంచే వచ్చింది బాబూ. అక్కడయితేనే పని సేత్తాది."

ఫల్గుణరావు జాలిపడ్డాడు. ఆవిడ కోసం ప్రత్యేకంగా అనుమతి ఇస్తానన్నాడు. ఒకటే షరతు. నాలుగు చరణాలకోసారి 'మహాశంఖం, మీ ఇంటి మంగళనాదం' అని పలకాలి.

సన్యాసమ్మ ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది, కోతలు దగ్గరపడ్డాయి. ముందుగా ఒక పెళ్ళికి పిలుపొచ్చింది. అప్పగింతల వేళ పెళ్ళికూతురి చేతిని తల్లి తీసి అత్తగారి చేతిలో పెడుతుండగా సన్యాసమ్మ ఎత్తుకుంది.

"పాలు తాగిన గిన్నె పదిలమే కొమ్మా,
పక్క వేసిన చాప పాతదే కొమ్మా,
నువ్వు నడిచిన వాకిలి నీదేనే కొమ్మా,
వెనుదిరిగి చూడకే, వెళ్ళిరా కొమ్మా..."

పందిట్లో అందరూ కొంగులు కళ్ళకద్దుకున్నారు. అప్పుడు జట్టంతా ఒక్క గొంతుతో, "మహాశంఖం, మీ ఇంటి మంగళనాదం," అంది. పెళ్ళికూతురు వెక్కిళ్ళు సగంలో ఆగిపోయాయి. పెళ్ళికొడుకు తరఫు కుర్రాళ్ళు ఫక్కున నవ్వారు. రెండోసారి పలికేటప్పటికి చిన్నపిల్లలు కూడా గొంతు కలిపారు. ఆ పెళ్ళిలో ఏడ్చింది సన్యాసమ్మ ఒక్కతే, అదీ ఇంటికొచ్చాక.

"ఇక పాడను," అంది విమలతో.

"పాడకపోతే పోతాయి పిన్నీ."

"ఇలగ పాడినా పోతాయి."

విమల అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. జనానికి అసలు ఈ చట్టంలో ఏముందో తెలియడం లేదు, తెలిస్తే ఊరుకోరు అని ఆవిడ నమ్మకం. అందుకని ఆడవాళ్ళ రేడియోలో చట్టాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవడం మొదలెట్టింది. మొదటి రోజు ఊళ్ళో అందరూ రేడియో పెట్టారు. రెండో రోజుకి సగం మంది నిద్రపోయారు. మూడో రోజున పాక హోటలావిడ రేడియో కట్టేసి, "విమలమ్మా, నీ గొంతు మంచిదే గాని, ఆ మాటలు ఇంటే అట్టు మాడిపోతంది," అని చెప్పేసింది.

సన్యాసమ్మ చట్టం కాగితాలు ఒడిలో పెట్టుకుని, పెదాలు కదుపుతూ కూర్చుంది. "దీనికి వరస కట్టొచ్చు," అంది కాసేపటికి.

"చట్టానికా?"

"వరసలు ఎవరివీ కాదన్నాడు కదా ఆ బాబు. కూనిరాగానికి అడ్డు లేదని. మాటలేమో సర్కారోరివి. పాడితే ఇనరా?"

అలా నీలాటిపేట ఆడవాళ్ళు చట్టాన్ని పాడారు. నిర్వచనాలు నాట్ల వరసలో, మినహాయింపులు దంపుళ్ళ వరసలో. శిక్షలున్న సెక్షన్ తొమ్మిదిని మాత్రం సన్యాసమ్మ అప్పగింతల వరసలో ఎత్తుకుంది. "ప్రసారకుని పూర్వానుమతీ లేకుండా కొమ్మా, ఏ వ్యక్తియైనను నోటితోనైనను, మరల వినిపించితే, శిక్షార్హుడగునమ్మా..." ఆ 'అగునమ్మా' దగ్గర ఆవిడ గొంతు విరిచిన తీరుకి రేడియో పెట్టుకున్న ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ముక్కు చీదారు. ఊళ్ళకి ఊళ్ళు విన్నాయి. చట్టమంతా పూర్తయ్యేసరికి దాని మీద జనానికి కోపం వచ్చింది, దాంతో పాటు కొంచెం మమకారం కూడా పుట్టింది.

వారం తిరక్కుండా సన్యాసమ్మ ఇంటి ముందు జీపు ఆగింది. జట్టంతా గుమిగూడింది. మళ్ళీ నోటీసే అనుకున్నారు. కుక్కుటేశ్వరరావు అరుగు మీద కూర్చోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిద్రలేని ముఖం.

"అమ్మా, ఒక అనుమతి కోసం వచ్చాను."

"ఏ అనుమతి బాబూ?"

"చట్టాన్ని పైకి చదువుకోవడానికి."

ఎవరికీ అర్థం కాలేదు. విమలకి మాత్రం సంగతి కొంచెం కొంచెంగా తడుతోంది.

ఆయన వివరించాడు. చట్టాన్ని ఇంతవరకు ఏ ప్రసారకుడూ ప్రసారం చేయలేదు. మహాశంఖం వారు కూడా చేయలేదు, చేస్తే జనం వేరే ఛానెల్‌కి వెళ్ళిపోతారని. మొదటిసారిగా ప్రసారం చేసింది నీలాటిపేట ఆడవాళ్ళ రేడియో. రేడియోకి లైసెన్సు ఉంది, కాబట్టి అది ప్రసార సంస్థే. "కావున సెక్షన్ తొమ్మిది, ఉప సెక్షన్..." అని నోరు మూసుకున్నాడు. "చూశారా, అది కూడా ఉచ్చరించరాదు. కావున ఈ చట్టం యాభై సంవత్సరముల పాటు తమది."

"ఈ సంగతి ఎవరు కనిపెట్టారండి?" అంది విమల.

"నేనే. నిన్న ఒక నోటీసు చదవబోతూ ఆగిపోయాను. పైవారికి నివేదించాను. వారు గోప్యంగా ఉంచమన్నారు. చట్టాన్ని గోప్యంగా ఉంచే అధికారం నాకు లేదు." తలెత్తి, "నోటీసు పైకి చదివితేనే చెల్లుతుంది. తమ అనుమతి లేనిదే చదవలేను. చదవకపోతే నా శాఖ పని చేయదు," అన్నాడు.

సన్యాసమ్మ ఆయన వంక చూసింది. ఆ రోజు బూట్లు చేత్తో పట్టుకుని గట్టు మీద నడిచొచ్చిన మనిషి ఇప్పుడు తన వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడకి లోపల తియ్యగా ఉంది. ఉన్నదని ఆవిడే తర్వాత ఒప్పుకుంది.

"మాం పాడినట్టే పాడితే అభ్యంతరం లేదు బాబూ," అంది. "మాటలకి మాటలు సదివితే మాత్రం కుదర్దు."

ఆయన తల ఊపాడు. ఆ షరతు ఆయనకి న్యాయంగానే తోచింది. రోజూ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని నేర్చుకున్నాడు. మొదట్లో బంట్రోతు కూడా చెవులు మూసుకునేవాడు. సన్యాసమ్మ తొడ మీద తాళం వేస్తూ, "ఆ 'అగును' దగ్గర అంత దర్జా ఒద్దు బాబూ, కూతుర్ని పంపేత్తన్నట్టు అనాల," అనేది. ఆయన అలాగే అనడానికి ప్రయత్నించేవాడు. పదిహేను రోజుల్లో గొంతు పట్టాలెక్కింది.

దాంతో నోటీసులు మళ్ళీ మొదలయ్యాయి. ఫల్గుణరావు ఒత్తిడి మీద పక్కూళ్ళో ఒక భజన బృందానికి నోటీసివ్వడానికి వెళ్ళి, కుక్కుటేశ్వరరావు అప్పగింతల వరసలో శిక్ష చదివేసరికి, ఆ బృందం తాళాలు కలిపింది. నోటీసు అయ్యాక మరోసారి పాడమన్నారు. మరోసారి పాడటానికి అనుమతి లేదని ఆయన బాధతో చెప్పి వచ్చేశాడు.

అంతలో అంతర్జాతీయ సంస్థ ప్రతినిధులు చట్టం అమలు చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. లోకంలో దీన్ని అమలు చేస్తున్న చోటు ఇదొక్కటే. పట్నం కళాక్షేత్రంలో సభ. మంత్రిగారు వేదిక మీద చట్టం తొలి పలుకులు చదివి ప్రారంభించాలని కార్యక్రమం. ఆయన కాగితం విప్పగానే కుక్కుటేశ్వరరావు వేదిక ఎక్కి చెవిలో ఏదో చెప్పాడు. మంత్రిగారి ముఖం మారింది.

"నా చట్టం నేను చదవకూడదా?"

"ప్రసారకుల అనుమతి ఆలాపనకే పరిమితమండి. తమరు ఆలపించగలరా?"

మంత్రిగారు వెనక్కి తగ్గారు. చివరికి ప్రభుత్వం తరఫున కుక్కుటేశ్వరరావే పాడాడు. కళ్ళు మూసుకుని, ఒక చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, సెక్షన్ తొమ్మిదిని మొదటి నుంచి చివరి దాకా. రెండో వరసలో కూర్చున్న సన్యాసమ్మ తనకి తెలియకుండానే తల ఊపింది. 'అగునమ్మా' దగ్గర ఆయన గొంతు సరిగ్గా విరిగింది.

ప్రతినిధులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇది ఇక్కడి పల్లెపాట కాబోలనుకున్నారు. వాళ్ళలో పెద్దావిడ దుబాసీని పిలిచి అర్థం అడిగింది. దుబాసీ వరసగా చెబుతుంటే ఆవిడ నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది.

"నోరు తెరిస్తే శిక్షా? ఇంత క్రూరమైన పాట ఎవరు రాశారు?" అని అడిగింది.

"తమరేనండి," అన్నాడు కుక్కుటేశ్వరరావు వినయంగా. "మేము తెలుగు చేశాము."

పెద్దావిడ తన సహచరులతో ఏదో మాట్లాడి, "మేం రాసింది దొంగచాటుగా టీవీ సిగ్నళ్ళు లాక్కునేవాళ్ళ గురించి. పొలంలో పాడుకునే ఆడవాళ్ళ గురించి కాదు," అంది.

"అందులో ఆ మినహాయింపు రాసి లేదండి. నేను కామాలతో సహా చూశాను."

విమల లేచి రెండు మాటలు చెప్పింది. సన్యాసమ్మ లేచి ఒకే మాట చెప్పింది. "మా పాట మీరు ఏసుకోండమ్మా, ఒద్దనం. ఏసుకుని మమ్మల్ని ఒద్దనకండి." దుబాసీ దాన్ని చాలాసేపు తర్జుమా చేశాడు. ఫల్గుణరావు మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు. పేపర్లలో మర్నాడు మంత్రిగారి ఫోటోకి బదులు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్న కుక్కుటేశ్వరరావు ఫోటో పడింది.

ప్రభుత్వం చట్టాన్ని రద్దు చెయ్యడానికి నిశ్చయించింది. రద్దు చెయ్యాలంటే చట్టసభలో దాన్ని ఒకసారి పైకి చదవాలి. అక్కడ పాడే ఆచారం లేదు. అందుకని మామూలుగా చదువుకోవడానికి అనుమతి కోరుతూ సన్యాసమ్మ ఇంటికి పెద్ద అధికారులే వచ్చారు. వెంట పూలదండలు, శాలువా, సంతకం పెట్టవలసిన అనుమతి పత్రం.

"రేపు సెప్తాను," అంది సన్యాసమ్మ.

వాళ్ళు వెళ్ళాక జట్టు కూర్చుంది. ఎర్రమ్మ ముందు మాట్లాడింది. "ఎందుకు సంతకం పెట్టడం? యాబయ్యేళ్ళు మనది. ఇన్నాళ్ళూ మనింటికి జీపొచ్చిందా? కుర్చీ ఏసి కూకోబెట్టినోడు ఉన్నాడా? ఆ చట్టం పోతే మనం మళ్ళీ ముడిసరుకే."

సన్యాసమ్మకి శాలువా మెత్తగా తగులుతోంది. ఎర్రమ్మ అన్నదే ఆవిడ మనసులోనూ ఉంది.

ఆ సాయంత్రం పక్క వీధిలో పెళ్ళి. కళాక్షేత్రంలో సభ జరిగినప్పటి నుంచీ నోటీసులు ఆగిపోయాయి కాబట్టి ధైర్యంగా పిలిచారు. అప్పగింతల వేళ అయింది. ఎన్నాళ్ళకో మహాశంఖం పేరెత్తకుండా తల్లి పాట పాడబోతున్నానని సన్యాసమ్మ గొంతు సవరించుకుని ఎత్తుకుంది. వరస వచ్చింది. మాటలు మాత్రం, "ప్రసారకుని పూర్వానుమతీ లేకుండా కొమ్మా," అని వచ్చాయి.

ఆపేసింది. మళ్ళీ మొదలెట్టింది. మళ్ళీ అవే వచ్చాయి. పాలు తాగిన గిన్నె ఎక్కడికి పోయిందో తెలియదు. వరసలో దాని చోటున ఉప సెక్షన్ రెండు కూర్చునుంది. జట్టు వంక చూసింది. వాళ్ళ నోళ్ళలోనూ అదే ఉంది. తల్లి నేర్పిన పాటని ఎవరో బలవంతంగా లాక్కుంటే అడ్డుపడింది గాని, దాన్ని తన చేత్తోనే తను చెరిపేసుకుందని ఆవిడకి అప్పుడు తెలిసింది. పెళ్ళివారు ఎదురు చూస్తున్నారు. కళ్ళు మూసుకుని, తల్లి ముఖం తెచ్చుకుని, ఆవిడ పెదాలు ఎలా కదిలేవో తలుచుకుని, ఒక్కో మాటా తడుముకుంటూ నాలుగు చరణాలు ఎలాగో పైకి లాగింది. వెనక ఎర్రమ్మ కూడా గొంతు కలపలేక మాటలు వెతుక్కుంటోంది.

ఇంటికొస్తూ దారిలో ఎర్రమ్మే అంది. "పెట్టీ, సంతకం. పీడ పోతాది."

చట్టం పోయింది. శాఖని మూసేసి, ఆ భవనంలో విత్తనాల ఆఫీసు పెట్టారు. కోళ్ళు వాటి వేళకి కూశాయి. మహాశంఖం టీవీ వాళ్ళు మళ్ళీ వచ్చి, ఈసారి ముందుగా అడిగి, పాడించుకుని వెళ్ళారు. సెక్షన్లు జట్టు గొంతుల్లోంచి దిగడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. సన్యాసమ్మ రోజూ సాయంత్రాలు అందరినీ కూర్చోబెట్టి, ఒక్కో వరసలోంచి చట్టాన్ని తీసి పాత మాటల్ని తిరిగి పెట్టింది. కొన్ని చరణాలు దొరకనే లేదు. వాటి చోట కొత్తవి కట్టుకున్నారు.

మరుసటి ఏడు కుక్కుటేశ్వరరావు కూతురి పెళ్ళి జరిగింది. ఆయన్ని అప్పటికి కొలతలు తూనికల శాఖకి వేశారు. సన్యాసమ్మ జట్టుని పిలవడానికి స్వయంగా ఊరికి వచ్చాడు. పెళ్ళిలో మేళం ఆగింది, పాలగిన్నెలో చేతులు ముంచి అమ్మాయిని అప్పగిస్తున్నారు. సన్యాసమ్మ ఎత్తుకుంది. ఈసారి తడుముకోలేదు. పాలు తాగిన గిన్నె, పక్క వేసిన చాప, నడిచిన వాకిలి, అన్నీ వరసగా వచ్చాయి. పందిట్లో తడవని కొంగు లేదు.

కుక్కుటేశ్వరరావు కూతురి చెయ్యి వదల్లేక వదల్లేక వదిలాడు. కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పాటతో పాటు ఆయన పెదాలూ కదులుతున్నాయి. సన్యాసమ్మ పాడుతూనే కొంచెం దగ్గరగా జరిగి చెవి పెట్టి విన్నది. ఆయన ఏడుస్తూ, సన్నగా, శ్రుతి తప్పకుండా, "ఏ వ్యక్తియైనను, నోటితోనైనను, శిక్షార్హుడగునమ్మా," అంటున్నాడు.

ఆయనకి అప్పగింతలకి వేరే మాటలు తెలియవు. సన్యాసమ్మ ఆయన్ని సరిదిద్దలేదు. చరణం ఆఖర్న ఆయన గొంతు అందుకునే దాకా ఆగి, తన గొంతు కలిపింది.